మహమ్మారికి మంగళస్నానం

ధవళకూట రాజ్యపు రాజధాని శంఖపురాన్ని దూరం నుంచి చూసినవాళ్లు ఆకాశం మీంచి జారిపడిన మీగడ తునక అనుకుంటారు. ఏడు ప్రాకారాలు, ఏడింటికీ అద్దంలా మెరిసే గవ్వసున్నపు పూత. బురుజుల మీద వెండి హంసలు, వాటి ముక్కులకు చిరుగంటలు. రాజవీధిలో అడుగడుక్కీ రంగుగాజులు పొదిగిన తోరణాలు. సాయంకాలపు ఎండ వాటి గుండా దిగితే నేల మీద నీలం, ఆకుపచ్చ, బంగారు రంగుల ముగ్గులు పడతాయి. గాలి వీచినప్పుడు హంసల గంటలు "దయచేయండి, దయచేయండి" అని పలుకుతాయని ఆస్థానకవులు రాశారు. ఆ ప్రాకారాల వెనకపక్కకు ఒక్కసారి వెళ్లి ఉంటే, మురికికాలువలు బావిగట్లను ఒరుసుకుంటూ పారడం గురించి కూడా రాసేవారేమో. దానికి తగిన ఛందస్సు దొరకలేదో, ఒక చేత్తో ముక్కు మూసుకుంటే గంటం సాగలేదో, రాయలేదు.

ఆ రాజ్యానికి పేరు తెచ్చిపెట్టింది మర్యాద. అక్కడ అతిథిని ఆకలితో పంపరు. మాసిన బట్టలతో పంపరు. అన్నిటికీ మించి, కూర్చున్న అతిథిని లెమ్మనరు. మూడు తరాల కిందట పొరుగుదేశపు దూత ఒకడు సభామధ్యంలో చాప వేసుకుని కూర్చుని పదకొండేళ్లు లేవలేదు. లెమ్మనడం బాగుండదని అతని చుట్టూ మంటపం కట్టించి, సభనే పక్కకు జరుపుకున్నారు. ఆ మంటపం ఇప్పటికీ ఉంది. వచ్చినవాళ్లకు చూపించి గర్వపడతారు.

అటువంటి ఊరికి వాంతిభేది వచ్చింది.

మర్యాద తెలిసినవాళ్లు కనుక దాన్నీ అతిథిలాగే చూశారు. అది రోగం కాదనీ, మహమ్మారి అనే దేవత చుట్టపుచూపుగా వచ్చిందనీ ఆస్థాన మాంత్రికుడు ధూమ్రకపాలుడు తేల్చాడు. చుట్టాన్ని సాగనంపడానికి ఒక పద్ధతి ఉంది. మేనా ఒకటి, అంటే రెండు పక్కలా తలుపులున్న మూసిన పల్లకి, సిద్ధం చేసి అందులో చచ్చిపోయినవాళ్ల బట్టలూ పక్కగుడ్డలూ నింపుతారు. అమ్మవారు ఆ బట్టల్లో ఉంటుందని నమ్మకం. ఆ నమ్మకంలో ఒక ముక్క నిజం ఉంది గాని, ఆ ముక్కను పట్టుకున్నవాడు సభలో ఒక్కడూ లేడు. పదహారుగురు బోయీలు మేనాను ఊరంతా తిప్పి, ఊళ్లోకెల్లా తియ్యటి నీళ్లున్న బావి దగ్గర దించుతారు. అమ్మవారు మాసిన బట్టలతో వెళ్లకూడదు కాబట్టి అవన్నీ బావిగట్టు మీద ఉతుకుతారు. ఉతికిన నీళ్లు పారబోస్తే అపచారం కాబట్టి మళ్లీ బావిలోనే పోస్తారు. దీని పేరు మంగళస్నానం. అది అయ్యాక మేనాను మణివాహిని ఏటి దగ్గరికి మోసుకుపోయి, అవతల ఉన్న పింగళదుర్గ రాజ్యం వైపు వదిలేసి, వెనక్కి చూడకుండా పరుగెత్తుకు వస్తారు.

పింగళదుర్గం వాళ్లు తక్కువ తిన్నవాళ్లు కారు. తమవాళ్ల బట్టలు కూడా అందులో కూరి, క్షేమసమాచారాల లేఖ ఒకటి జతచేసి, పదిహేను రోజుల్లో మేనాను తిప్పి పంపేవాళ్లు. మూడు నెలల్లో అది ఆరుసార్లు ఏరు దాటింది. రెండు రాజ్యాల మధ్య ఇంత క్రమం తప్పని రాకపోకలు అంతకుముందెన్నడూ లేవు.

మొదటి స్నానం తరవాత చేనేతపేటలో నూటముప్పైమంది పోయారు. రెండో స్నానం తరవాత మేదరవీధిలో పొయ్యిలు చల్లబడ్డాయి. మూడో స్నానం తరవాత గాజులవీధిలో పాడె మోయడానికి నలుగురు మిగల్లేదు. అమ్మవారికి స్నానం చాలలేదని ధూమ్రకపాలుడు చెప్పాడు. చాలలేదు కాబోలని అందరూ ఒప్పుకున్నారు. ఊళ్లో ఇంక చెడకుండా మిగిలింది ఒక్క బావి, కంచరవీధి బావి. తొమ్మిదివందలమంది బతుకుతున్నది ఆ నీళ్ల మీదే. నాలుగో మంగళస్నానం అక్కడే. ఈ రోజే, మధ్యాహ్నానికి.

ఆ ఉదయం, హిమగిరుల నుంచి వస్తున్నానంటూ ఒక సిద్ధుడు రాజసభలో అడుగుపెట్టాడు. మోకాళ్ల దాకా గడ్డం, మెడలో పులిగోళ్లు, చేతిలో పాముచర్మం చుట్టిన దండం. చెప్పుకున్న పేరు వజ్రదంష్ట్ర సిద్ధుడు. అసలు పేరు సంపెంగి. కంచరవీధి బావికి ముప్పై ఏళ్లు కావలి కాసి పోయిన నెల కన్నుమూసిన సింగన్నకు ఒక్కతే కూతురు. గడ్డం జనపనార. పులిగోళ్లు కొబ్బరిచిప్ప అరగదీసినవి.

ఏ బావి తాగినవాళ్లు ఏ రోగంతో పడ్డారో తండ్రి ముప్పై ఏళ్లు చూశాడు, కూతురు ఊహ తెలిసినప్పటినుంచీ చూసింది. పది రోజుల కిందట సంపెంగి తన సొంత ముఖంతోనే ఈ సభకు వచ్చి ఆ సంగతులు చెప్పింది. నీళ్లు మరగబెట్టుకోండి, బావికి మూత వెయ్యండి, రోగి పక్కగుడ్డలు దూరంగా పాతిపెట్టండి, తినేముందు చేతులు బూడిదతో తోముకోండి అంది. మహామంత్రి సౌజన్యమిత్రుడు ఓపిగ్గా విన్నాడు. "ఇంతేనా తల్లీ. ఇందులో మంత్రం ఏదీ," అని అడిగి తాంబూలం ఇచ్చి పంపించాడు. అందుకని ఈసారి మంత్రంతో వచ్చింది.

"స్వామీ, మహమ్మారికి ఉపాయం తెలుసునా," అన్నాడు మహారాజు మకుటవర్ధనుడు ఆవులిస్తూ. బతికి ఉన్న రాజులందరిలోకీ తనదే బరువైన కిరీటమని అతనికి పేరు. ఆ బరువంతా కిరీటానిదే.

"తెలుసు," అంది సంపెంగి గొంతు బొంగురు చేసి. "కాని కష్టం. మీవల్ల కాదేమో."

సభంతా ముందుకు వంగింది.

"జలబంధన తంత్రమని ఒకటుంది. కుండలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి. మహారాజుల వారి నూట ఎనిమిది బిరుదులూ తప్పు లేకుండా చదవాలి. చదవడం పూర్తయ్యేదాకా కుండ దించకూడదు. తాగితే ఆ నీళ్లే తాగాలి. బిరుదులు వినని నీళ్లు విషంతో సమానం."

రాజు ఆవులింత సగంలో ఆగిపోయింది. "నూట ఎనిమిదే చాలునా."

"నీళ్లు మరగడానికి చాలు."

"ఇంకో ఇరవై చేర్పించండి," అన్నాడు రాజు మంత్రితో. "నీళ్లకు లోటు చెయ్యకూడదు."

ఆ తరవాత తంత్రాలు వరసగా దిగాయి. బావి నోరు తెరిచి ఉంటే ఆకాశమార్గాన పోయే శత్రువుల శాపాలు అందులో పడతాయి కాబట్టి కూపముఖ బంధనం. అన్నం ముట్టేముందు వేళ్ల సందుల్లో బూడిద రుద్దుకుని కడుక్కోవడం భస్మహస్త దీక్ష. కాలకృత్యాలకు బావి నుంచి రెండు వందల అడుగులు నడిచిపోయి, గొయ్యి తవ్వి, మళ్లీ మట్టి కప్పి రావడం భూగర్భ నిక్షేపం. లేఖకులు చెమటలు కక్కుతూ రాసుకున్నారు. పది రోజుల కిందట ఇవే మాటలకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన పెద్దమనుషులు ఇప్పుడు కళ్లు అరమోడ్చి తలలు ఊపుతున్నారు. లోపల ఏమీ పెట్టుకోని తలలు హాయిగా ఊగుతాయి.

"ఇక చివరిది," అంది సంపెంగి. "నేటి మంగళస్నానం ఆపాలి. ఆ బట్టలు బావిని తాకకూడదు."

తలలు ఊగడం మానేశాయి.

"స్వామీ, అది మర్యాద కదండీ," అన్నాడు సౌజన్యమిత్రుడు, పసిపిల్లకు ఉగ్గు పట్టే గొంతుతో. "స్నానం చేయించకుండా అతిథిని గెంటేశామంటే నాలుగు దేశాలవాళ్లు ఏమనుకుంటారు. మనుషులు పోతే మళ్లీ పుడతారు. పేరు పోతే మళ్లీ వస్తుందా."

"పుట్టించడానికైనా కొందరు మిగలాలి గదా మంత్రీ."

ధూమ్రకపాలుడు అప్పటిదాకా సింహాసనం పక్కన కూర్చుని గోళ్లు చూసుకుంటున్నాడు. ఒళ్లంతా విభూతి, బొజ్జ మీద కపాలాల దండ. కపాలాలు కోతులవి. అతనికి నిజంగా వచ్చిన విద్య ఒక్కటే: పొగకు ఆకారం ఇస్తాడు, ఆ ఆకారానికి బలం ఇస్తాడు. ఆ ఒక్క విద్యతో ఇరవై ఏళ్లుగా రాజ్యాన్ని చెరుకుగడలా నములుతున్నాడు. పరాయి సిద్ధుడొకడు వచ్చి తన నోటి ముందు చెరుకు లాక్కుంటుంటే అతనికి ఎలా ఉంటుంది.

"హిమగిరి సిద్ధుల గడ్డాలు నిప్పుకు కాలవని మా గురువుగారు చెప్పేవారు," అంటూ లేచాడు. ధూపపు కుండలోంచి ఒక రవ్వ తీసి అరచేతిలో పెట్టుకుని మెల్లిగా ఊదాడు.

సిద్ధుల గడ్డాల మాట ఎలా ఉన్నా, జనపనార మాత్రం భేషుగ్గా కాలుతుంది. సంపెంగి దాన్ని పీకి నేలకేసి కొట్టేసరికి, చుబుకం నిండా మసితో ఇరవై రెండేళ్ల ఆడపిల్ల సభ నడిమధ్య నిలబడి ఉంది.

"బావుల సింగన్న కూతురు గదూ," అన్నారెవరో వెనకనుంచి.

రాజుకు కోపం వచ్చింది. మోసపోయినందుకు కాదు. మోసపోతున్నంతసేపూ ముచ్చటపడినందుకు. "పట్టుకోండి," అన్నాడు. మళ్లీ ఒక్క క్షణం ఆలోచించి, "ఆ బిరుదుల తంత్రం మాత్రం ఉండనివ్వండి. అది బాగుంది," అన్నాడు.

దళపతి ముందుకు వచ్చి నడుము వంచాడు. "మన్నించాలి. తమరు చేతులు కాస్త వెనక్కి పెట్టుకుంటే సంకెళ్లు వేసుకుంటాం. అభ్యంతరం లేదు కదా." ఆ రాజ్యంలో బేడీలకు కూడా అనుమతి అడగాలి. ఆ అడిగే వ్యవధి చాలు సంపెంగికి. దండాన్ని దళపతి కాళ్ల మధ్య దూర్చి, అతను ఇంకా వంగే ఉండగా అతని వీపు మీంచి దూకి, కిటికీలోంచి ఉద్యానవనంలోకి పడింది.

చంద్రకాంత శిలల మెట్లు, మెట్లకు రెండువైపులా తెల్ల గన్నేరులు, నడుమ పాలరాతి హంసల కొలను. కొలను నిండా బంగారు రజను చల్లిన తామరలు. చూసి మైమరచే తీరికుంటే చాలా బాగుంటుంది. సంపెంగి గన్నేరుల మీంచి దూకి పరుగెత్తింది. వెనక ఆకాశం నల్లబడింది. ధూమ్రకపాలుడు కిటికీలో నిలబడి రెండు పిడికిళ్లు విప్పాడు. సభలోని ధూపమంతా సుడి తిరుగుతూ బయటికి వచ్చి, తాటిచెట్టంత రెక్కలున్న రాబందై లేచింది. దాని ముక్కు తగిలి ఒక పాలరాతి హంస తల చితికింది. గోళ్లు సంపెంగి ఉత్తరీయాన్ని పట్టి చీల్చాయి. రెండోసారి వంగిందంటే పట్టేది మెడనే.

కొలనులో ఎక్కువైన నీళ్లు పోవడానికి నేల కింద ఒక రాతితూము ఉంది. తండ్రి బతికుండగా ఏడాదికి రెండుసార్లు తనే దిగి అందులో పూడిక తీసేది. ఆ తూములో ఒకచోట పల్లం. అక్కడ నీళ్లు కప్పు దాకా నిండి ఉంటాయి. సంపెంగి తామరల్లోకి దూకి తూములో దూరింది. రాబందు కుదించుకుని, చిక్కబడి, పాములా ఆమె వెంట లోపలికి వచ్చింది. చీకటి, జారుడు, మోచేతులకు గీసుకుపోయే రాళ్లు. మడమ మీద వేడి ఊపిరి తగిలిన క్షణాన ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుని పల్లంలో మునిగింది. వెనక, కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చుంయ్ మని చప్పుడైంది. పొగకు ఆకారం ఇవ్వగలిగినవాడు ఈత నేర్పలేకపోయాడు.

ఊపిరి ఇంక ఆగదనుకున్నప్పుడు తల నీళ్లలోంచి పైకి లేచింది. మరో వంద బారలు పాకి, కంచరవీధి చివర మురికికాలువలోంచి బయటపడింది.

బావిగట్టు మీద ఆమె మేనత్త గవరమ్మ కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె వెనక బావి కనబడదు. వీధిలోని కంచరివాళ్లంతా కలిసి, పట్టాభిషేకపు పాయసం కోసం చేసిన ఇత్తడి గంగాళాన్ని దాని మీద బోర్లించేశారు. గంగాళం అడుగున బొక్కెన పట్టేంత కన్నం కొట్టి, ఆ కన్నానికి మళ్లీ ఒక మూత. బొక్కెన ఒక్కటే, దానికి తాడు ఒక్కటే, అది ముట్టుకునే చెయ్యి గవరమ్మది ఒక్కటే. ఈ మూడు నెలల్లో కంచరవీధిలో వాంతిభేదితో చచ్చిపోయినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ పెళ్లిభోజనానికని గాజులవీధికి వెళ్లొచ్చినవాళ్లు.

"ఒసే, గడ్డం ఏదే," అంది గవరమ్మ.

"కాలిపోయిందత్తా."

"మూడు రోజులు కళ్లు పోయేట్టు పేనాను. సరే, మన మాట విన్నారా."

"అన్నీ విన్నారు. స్నానం ఒక్కటి తప్ప."

"అంటే అసలుది తప్ప అన్నీ విన్నారన్నమాట. దగ్గరికి రాకు. ఆ మూల కుండలో కాచిన నీళ్లున్నాయి, పక్కనే బూడిద ఉంది. మురికికాలవలోంచి లేచొచ్చి నా గంగాళం ముట్టుకున్నావంటే కర్రతో ఇస్తాను."

సంపెంగి మోచేతుల దాకా తోముకుని, ముఖం కడుక్కుని, పొడిగుడ్డ కట్టుకునేసరికి వీధి మొదట్లో డప్పులు మోగాయి.

మేనా వచ్చింది. దానికి ఎర్రపట్టు కప్పు, దంతపు చెక్కడాలు, తలుపులకు అద్దాల బొట్లు, నాలుగు మూలలా వేపరెమ్మలు. దాని చుట్టూ ఈగలు. ముందు సౌజన్యమిత్రుడు నడుస్తున్నాడు, అత్తరు ముంచిన రుమాలు ముక్కుకు పెట్టుకుని. అమ్మవారి మీద అంత గౌరవం ఉన్నవాడికి ఆ రుమాలు ఎందుకో ఎవరూ అడగలేదు. వెనక ఏనుగు మీద ధూమ్రకపాలుడు.

"తల్లీ, దయచేసి గట్టు దిగండి," అన్నాడు మంత్రి.

"దిగనయ్యా."

"దిగకపోతే దయచేసి తల తీయించవలసి వస్తుందండీ."

"అంత మర్యాదగా అడిగితే ఎవరు మాత్రం కాదంటారు," అంది గవరమ్మ. "తీయించు. కాని ఈ గంగాళం ఎత్తడానికి నలభైమంది కావాలి, నీకున్నది పదహారుమంది. ఏరా బొద్దన్నా, మొదటిసారి ఈ మేనా ఎత్తినవాళ్లలో ఇప్పుడు ఎందరున్నారు."

బోయీల పెద్ద బొద్దన్న భుజం మీది బొంగు సర్దుకుని నేల చూశాడు. "ఆరుగురమే అత్తా. మిగతావోళ్లు కొత్తోళ్లు."

"పాతవాళ్లేరి."

"ఇందులోనే ఉన్నారు. ఆళ్ల పంచెలు."

 మంత్రి కళ్లతో సైగచేస్తే డప్పులు మళ్లీ మోగాయి.

ధూమ్రకపాలుడు ఏనుగు దిగి ధూపం వేశాడు. ఈసారి పొగ ఏనుగంత ఏనుగైంది. అది తొండం చుట్టి, నలభైమంది ఎత్తవలసిన గంగాళాన్ని అప్పడాల మూకుడులా ఎత్తి పక్కన పెట్టింది. గవరమ్మ కర్రతో పొగను కొట్టింది. కర్ర విరిగింది. భటులు ఆమెను క్షమాపణలు చెప్పుకుంటూ ఈడ్చుకుపోయారు. బావి నోరు తెరుచుకుంది. లోపల ఇరవై బారల కింద నీళ్లు, ఎండ పడి, తళుక్కుమన్నాయి. బోయీలు మేనాను గట్టుకు ఆనించి దించారు. ఉతికేవాళ్లు నలుగురు బొక్కెనలతో ముందుకు వచ్చారు. ఇటువైపు తలుపు తీసి, మొదటి మూట లాగితే అయిపోయినట్టే.

సంపెంగి జనం వెనకనుంచి మేనాకు అటువైపు పరుగెత్తింది. ముక్కుకూ నోటికీ గుడ్డ బిగించి కట్టుకుంది. చేతులు చంకల్లో దోపుకుంది, పొరపాటున కూడా ముఖానికి తగలకుండా. మోచేత్తో తలుపు నెట్టి, లోపలికి ఎక్కి, మూటల మధ్య బాసిపట్టు వేసుకుని కూర్చుని, మోచేత్తోనే తలుపు మూసుకుంది.

ఇటువైపు తలుపు తీయబోయిన మనిషికి లోపలినుంచి గొంతు వినిపించింది.

"ఎవడ్రా అది. అడగకుండా తలుపు తీస్తున్నాడు."

ఆ మనిషి బొక్కెన వదిలేసి ఆరడుగులు వెనక్కి పడ్డాడు. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి.

"ఎవరండీ లోపల," అన్నాడు సౌజన్యమిత్రుడు. రుమాలు జారిపోయింది.

"మూడు నెలలుగా మోస్తున్నారు. ఎవరిని మోస్తున్నారో తెలియదా. మీ చుట్టాన్ని."

మంత్రి నేల మీద సాగిలపడ్డాడు. వీధి వీధంతా పడింది. నిలబడి ఉన్నవాడు ధూమ్రకపాలుడు ఒక్కడే.

"అమ్మా, స్నానానికి సిద్ధం చేశాం," అన్నాడు మంత్రి మట్టిలోకి.

"నాకొద్దు. మూడుసార్లు చేయించారు. జలుబు చేసింది."

"మీ గౌరవానికి..."

"అతిథి వద్దన్నాక బలవంతంగా నీళ్లు పొయ్యడం ఏ దేశపు మర్యాద. కూర్చున్నదాన్ని లేపి స్నానానికి ఈడుస్తారా. మీ తాతలు పదకొండేళ్లు ఊరుకున్నారని విన్నాను. మీరు ఒక్క పూట ఊరుకోలేరా."

 జీవితంలో మొదటిసారి సౌజన్యమిత్రుడికి రెండు మర్యాదలు ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. ఏది ముందు తప్పుకోవాలో అతని శాస్త్రంలో లేదు.

"మంత్రీ, లోపలున్నది ఆ సింగన్న కూతురు," అన్నాడు ధూమ్రకపాలుడు పళ్ల మధ్య నుంచి. "అమ్మవారు లేదు, గిమ్మవారు లేదు."

"అమ్మవారు మేనాలో ఉందని మూడు నెలలుగా చెబుతున్నది తమరే కదండీ," అన్నాడు మంత్రి తలెత్తి. నిజంగానే తెలుసుకోవాలని ఉంది అతనికి. "ఇంతకాలం ఉండి, ఇవాళ మాట్లాడేసరికి లేకుండా పోయిందా. అయితే నిన్నటిదాకా మేము ఎవరిని మోసినట్టు."

మాంత్రికుడు నోరు తెరిచాడు. బోయీలు ఆరుగురూ అతని వంకే చూస్తున్నారు. వెనక కంచరివాళ్లు కూడా. వాళ్ల చేతుల్లో సుత్తులున్నాయి. చెప్పబోయింది మింగి రెండు చేతులూ జోడించాడు.

"బయల్దేరండి," అంది మేనా. "ఆ బావి నా వంక నోరు తెరుచుకుని చూస్తోంది. అది నాకు నచ్చలేదు. ముందు మూయించండి."

అదే పొగ ఏనుగు, అదే గంగాళం. ధూమ్రకపాలుడు తన చేతులతోనే మూత వేయించాడు. భటులు వదిలేసిన గవరమ్మ వచ్చి, దగ్గరుండి వంకర సరిచేయించుకుంది. ఆ తరవాత అతను మేనా చుట్టూ ప్రదక్షిణం చేసి, రెండు తలుపులకూ బయటినుంచి ఇనుపగడియలు బిగించాడు. "దారిలో అమ్మవారు జారి పడకూడదు," అన్నాడు చాలా వినయంగా. మంత్రి ఆ శ్రద్ధకు మురిసిపోయాడు.

మేనా లేచింది. ఉతికిన బట్టల వాసన తెలిసిన ముక్కుకు, ఉతకని బట్టల మధ్య కూర్చోవడం సుఖంగా ఉండదు. సంపెంగి చేతులు చంకల్లోనే ఉంచుకుని, వేళ్లు దురద పెడితే తిట్టుకుంటూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. బయట బోయీల మాటలు వినబడుతున్నాయి.

"ఒరే, బట్టలు ఇయ్యాల బరువెక్కాయిరా."

"తడిసుంటాయి."

"తడిస్తే తుమ్ముతాయా."

"నోరు ముయ్యండెహె," అన్నాడు బొద్దన్న. ఇంకాస్త దూరం నడిచాక, తలుపు పక్కకు భుజం ఆనించి, గొంతు తగ్గించాడు. "అమ్మో, అమ్మాయివో, ఎవరివైతేనేం. బావి మిగిల్చావు. నా ఇద్దరు పిల్లలూ ఆ బావినీళ్లే తాగుతున్నారు. గడియ తీద్దామంటే పైన పొగగద్ద ఒకటి తిరుగుతా ఉంది. తీసినోడి కళ్లు పీకుద్ది."

"ఏటి దగ్గర?"

"తిన్నె మీద దించి పరుగెత్తడం మా ఆచారం. ఏరు దాటి గద్ద రాదు. నువ్వు ఎట్టాగో తన్నుకుని బయటపడు."

మణివాహిని ఆ వేళ రెండు పాయలుగా విడిపోయి, నడుమ వెండిపళ్లెం లాంటి ఇసుకతిన్నెను మోస్తోంది. ఇవతలి గట్టున రెల్లు, అవతలి గట్టున మొగలిపొదలు, నీళ్ల మీద వాలుతూ లేస్తూ కొంగలబారు. బోయీలు మొదటి పాయ దాటి మేనాను తిన్నె మీద దించారు. అంతే, వెనక్కి చూడకుండా, నీళ్లు చిమ్ముకుంటూ పోయారు.

సంపెంగి కాలితో తలుపును తట్టి చూసింది. టేకు. దళసరి. ఇనుపగడియ కాస్త కదిలింది. పదిసార్లు తన్నితే ఊడుతుందని లెక్కవేసుకుంది. అవతలి నుంచి పింగళదుర్గపు మోతగాళ్లు వచ్చేలోపు తీరిగ్గా బయటపడవచ్చు. వాళ్లు ఎప్పుడూ పొద్దు వాలాక గాని రారు.

ఇవాళ మొగలిపొదల వెనక గుర్రాల సకిలింపు వినబడింది. అద్దాల బొట్టు పగిలినచోట కన్ను ఆనించి చూసింది. అవతలి గట్టు పొడుగునా నలభైమంది విలుకాళ్లు. ముందు గుర్రం మీద వాళ్ల యువరాజు, మీసాలు ఇప్పుడిప్పుడే వస్తున్నవాడు.

"ప్రభూ, మామూలు ప్రకారం తెచ్చి మన బట్టలు కూరమంటారా," అడిగాడు పక్కనున్న సేనాని.

"మూడుసార్లు కూరాం. మూడుసార్లూ వాళ్లకు పంపి, మళ్లీ మనమే తెచ్చుకున్నాం. మా చెల్లెలు పోయింది నిన్న రాత్రి. ఇది ఇక మన గట్టు తొక్కదు."

"అయితే వాళ్ల గట్టుకు నెట్టేద్దాం."

"నెడితే ఏ బావిలోనో ముంచి పట్టుచీర చుట్టి మళ్లీ పంపుతారు. వాళ్ల సంగతి తెలీదా నీకు. అక్కడే కాల్చెయ్యండి. నూలుపోగు మిగలకూడదు."

సంపెంగి విన్నది. మూడు నెలల్లో, రెండు రాజ్యాల్లో, కిరీటం పెట్టుకునే జాతిలో ఒకడికి మొదటిసారి సరైన ఆలోచన వచ్చింది. తప్పు పట్టడానికి ఆమెకు ఒక్క మాట దొరకలేదు. వచ్చిన వేళ మాత్రం బాగాలేదు.

నలభై బాణాల కొసలకు చుట్టిన నూనెగుడ్డలు అంటుకున్నాయి. నలభై విల్లులు వంగాయి.

అరిస్తే చాలు. మనిషనుకున్నా, అమ్మవారనుకున్నా, గొంతు వినబడితే ఆపుతారు. ఆపితే మళ్లీ నిప్పు పెట్టే ధైర్యం ఎవరికీ రాదు, మేనా మిగులుతుంది. మిగిలితే, పొద్దు గుంకేలోగా అది ఏ గట్టుకు చేరుతుందో, ఆ గట్టు నుంచి ఏ బావికి చేరుతుందో ఆమెకు బాగా తెలుసు. పైన గద్దను తిప్పుతూ ధూమ్రకపాలుడు రెల్లులో ఎక్కడో ఈ మేనా కోసమే కాచుకుని ఉంటాడు.

మొదటి బాణం పట్టుకప్పులో దిగింది. ఎర్రటి వెలుగు లోపలికి పాకింది. రెండోది వేపరెమ్మను అంటించింది.

సంపెంగి నోటికి కట్టుకున్న గుడ్డను ఇంకో ముడి వేసి బిగించుకుంది. వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లూ ఎత్తి, కేక వెయ్యకుండా, గడియ ఉన్నవైపు తన్నడం మొదలుపెట్టింది.